రాళ్ళచేనులో స్లాషరు



పద్యాలూ పదాల పుట్టుకలూ రాసుకునే నాకు ట్రాక్టరుతో పనేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో నేనొక పాఠం నేర్చుకోవలసి వచ్చింది. చెప్పినవాడు ఒకప్పటి నా విద్యార్థి. జరిగినది 2019 వేసవిలో. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, సిగ్గు.

మాది రాయచోటి పరిసరాలలో ఒక చిన్న పల్లె. రాయచోటి అన్న పేరు వినగానే రాళ్ళచోటు అనుకునేవారు ఉన్నారు. ఆ పేరు 'రాచవీడు' నుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. అక్కడి స్వామిని నేటికీ రాచవీటి వీరభద్రుడనే పిలుస్తారు. వ్యుత్పత్తి ఏదైనా, మా నేలను చూసినవాడికి మొదటి అర్థమే సరైనదనిపిస్తుంది. ఎర్రనేల, దానిలో గరుసు, ఆ గరుసులో గుండ్లు, అక్కడక్కడ ఎండకు తళతళలాడే తెల్లని పలుగురాళ్ళు.

ఆ నేలలో మా నాన్నగారికి నాలుగెకరాల మెట్టచేను ఉండేది. వేరుసెనగ, కంది, అనుము పండించేవారు. ఆయన జీవితంలో సగం సేద్యం, మిగిలిన సగం రాళ్ళు ఏరడం. ప్రతి వేసవిలోనూ ఏరిన రాళ్ళను గంపకెత్తి చేని అంచున పేర్చేవారు. ఆ పేర్పు నడుమెత్తు గట్టయింది. నేను చదువుకునే రోజుల్లో, "నాయనా, ఏటేటా ఏరుతున్నా ఈ రాళ్ళు తరగవేం?" అని అడిగితే, "రాళ్ళు మొలుస్తాయిరా" అనేవారు. అది అమాయకపు మాట అనుకునేవాణ్ణి. వానకు మెత్తని మట్టి కొట్టుకుపోతుంది, రాయి మిగిలిపోతుంది. ఏడాదికి కొంత చొప్పున నేల దిగితే రాయి పైకి వచ్చినట్టే కనబడుతుంది. చూసేవాడి కంటికి అది మొలవడమే గదా!

2010లో నాన్నగారు పోయారు. నేను ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉండిపోయాను. చేను ఎనిమిదేళ్ళకు పైగా బీడుపడింది. ఉద్యోగ విరమణ చేసి తిరిగి వచ్చేసరికి తంగేడు, రేగు, ఎండిన బోదగడ్డి, వయ్యారిభామ, వీటన్నిటినీ మించి సర్కారుతుమ్మ కమ్ముకొని ఉన్నాయి. మా వైపు దానిని ఉత్త 'కంప' అంటారు. ఈ కంపకూ మా కడప సీమకూ పాత బంధమే ఉంది. 1877 ప్రాంతంలో జమైకా నుండి విత్తనం తెప్పించి, మన దేశంలో మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. కట్టెకు కరువుండదని తెచ్చిన చెట్టు, కాలు పెట్టడానికి చోటు లేకుండా చేసింది. కొట్టినకొద్దీ మోడు నుండి మళ్ళీ చిగురిస్తుంది.

బీడును చూసినప్పుడల్లా నాకు అహల్య గుర్తుకు వచ్చేది. 'హలము' అంటే నాగలి. 'అహల్య' అనే పేరుకు 'వైరూప్యం లేనిది' అని ఒక అర్థం చెబుతారు. 'దున్నబడనిది' అని చెప్పేవారూ ఉన్నారు. వాల్మీకంలో ఆమె రాయి కాదు. ఎవరికీ కనబడకుండా బూడిదలో పడి తపించేది. రాయి కావడం తరువాతి కథలలోని సంగతి. దున్నబడని నేల రాయి కావడమన్నది మా చేను ముందు నిలబడితే కథగా అనిపించదు. నాన్నగారి చేను నా చేతుల్లో రాయి అయిందన్న బాధ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చేను శుభ్రం చేయించి సీతాఫలం మొక్కలు పెట్టిద్దామనుకున్నాను.

కూలీలతో కొట్టించాలంటే నెల పడుతుంది. అప్పుడే నా పాత విద్యార్థి ఒకడు ట్రాక్టరుకు తగిలించే స్లాషరు కొన్నాడని తెలిసింది. మామిడితోటల్లో గడ్డి కొట్టడానికి అద్దెకు తిప్పుతున్నాడు. అతనికి నా దగ్గర తెలుగులో ఎప్పుడూ పాసు మార్కులు రాలేదు. ఛందస్సు అప్పజెప్పలేక బెంచీ మీద నిలబడిన రోజులే ఎక్కువ.

ఈ పరికరం తెలియనివారి కోసం రెండు మాటలు. రొటవేటరు వేరు, ఇది వేరు. రొటవేటరు కత్తులు బండిచక్రంలా నిలువుగా తిరుగుతూ మట్టిని తవ్వుతాయి. స్లాషరు కత్తులు కుమ్మరిసారెలా అడ్డంగా తిరుగుతూ, నేలను తాకకుండా, పైనున్నదానిని నరుకుతాయి. ట్రాక్టరు వెనుక నిమిషానికి 540 చుట్లు తిరిగే పి.టి.ఓ. ఇరుసు నుండి శక్తి వస్తుంది. స్లాషరు మీదున్న గేర్‌పెట్టె ఆ వేగాన్ని ఇంకా పెంచుతుంది. కింద ఒక ఇనుప మూకుడు, దాని అంచులకు కీలు బోల్టులతో వేలాడే రెండు కత్తులు. ఆ కత్తులకు మంగలికత్తి పదును అక్కరలేదు, వేగమే వాటి పదును. మోడో రాయో అడ్డు వస్తే కత్తి కీలు మీద వెనక్కి మడుచుకుంటుంది, మూకుడు దానిపై జారిపోతుంది. అమెరికాలో 1951లో అలబామా రాష్ట్రపు సెల్మా పట్టణంలో మొదలైన 'బుష్ హాగ్' కంపెనీ ఇటువంటి వాటికి పేరుపడింది. 'పొదల పంది' అని దాని అర్థం. మనం వనస్పతినంతా డాల్డా అన్నట్టు, అక్కడి రైతులు ఏ కంపెనీ పరికరాన్నయినా ఆ పేరుతోనే పిలుస్తారు.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. శిష్యుడు ట్రాక్టరును గట్టు దగ్గర ఆపి, దిగి, చేనిలోకి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"సార్, ఈడ రాళ్ళు శానా ఉండాయి. ఈ పొద్దు తోలొద్దు. రేపు తెల్లారి ఇద్దరం నడిచి చూసి గుర్తులు పెడదాం. ఆమైన తోల్తా" అన్నాడు.

అద్దె గంటకు 1,200 రూపాయలు. అతను మరునాడు ఇంకొకరి తోటకు పోవలసి ఉంది. ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. వీటన్నిటికీ మించి నాకు గర్వం అడ్డు వచ్చింది.

"నేను పుట్టి పెరిగిన చేనురా ఇది. నాకు తెలియని రాయి ఇందులో లేదు. పెద్ద గుండ్లు మూడే. ఎక్కడెక్కడున్నాయో నేను చూపిస్తాను, పద" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. తరువాత గట్టు వైపు చూసి, "ఆ పిల్లోన్ని కూడా రోంత అవతలికి పొమ్మనండి సార్" అన్నాడు.

నలభై అడుగుల దూరంలో, వేపచెట్టు నీడన పదేళ్ళ పిల్లవాడొకడు నాలుగైదు మేకలను మేపుకుంటున్నాడు. వేసవి సెలవులు. "అంత దూరంలో ఉన్నాడు, వాడికేమవుతుంది? కానీ" అన్నాను నేను. ఆ మాట నా నోటితోనే అన్నాను. పిల్లవాణ్ణి చూసే అన్నాను.

గురువు మాటకు ఎదురు చెప్పడం అతనికి చేతకాలేదు. నేనే నేర్పిన వినయం అది.

మొదటి అరగంట చూడముచ్చటగా సాగింది. నడుమెత్తు బోదగడ్డి పొడిపొడి అవుతూ వెనుక పరుపులా పరుచుకుంటోంది. బొటనవేలి లావు కంపకొమ్మలు పటపటమంటూ తెగుతున్నాయి. నేను చూపిన మూడు గుండ్లనూ తప్పించుకుంటూ తోలాడు. అప్పుడు పిడుగు పడినంత చప్పుడు. స్లాషరు ఒక్కసారి ఎగిరిపడింది. గడ్డి మధ్య నిప్పురవ్వలు కనిపించాయి. వెంటనే వేపచెట్టు కింద మేక అరుపు.

పలుగురాయి. నేను ఎరిగిన మూడింటిలో అది లేదు. నా చిన్నతనంలో అది నేల కిందనే ఉండి ఉంటుంది. పైకి వచ్చింది ఈ బీడుపడిన ఏళ్ళలోనే. కత్తి దెబ్బకు దాని కొన విరిగి, స్లాషరు వెనుక నుండి దూసుకుపోయి మేక ముందుకాలును విరగ్గొట్టింది. వెనుక అంచున వేలాడవలసిన అడ్డుగొలుసులలో కొన్ని అప్పటికే ఊడిపోయి ఉన్నాయి. రాయి ఆ సందులోనుండే పోయింది. పిల్లవాడు ఆ మేకకు రెండు మూరల ఇవతల కూర్చొని ఉన్నాడు. ఏడవలేదు. మేకను చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఆ రాత్రి నిద్రపట్టక కాగితం మీద లెక్క వేశాను. స్లాషరు వెడల్పు ఐదడుగులు. కత్తికొన ఒక చుట్టు తిరిగితే పదిహేనడుగుల పైచిలుకు. నిమిషానికి 900 చుట్లు అనుకుంటే పద్నాలుగు వేల అడుగులు దాటుతుంది. అంటే గంటకు సుమారు 258 కిలోమీటర్లు. ఆ వేగంతో తగిలిన రాతిముక్కకు నలభై అడుగులు ఒక దూరమా? లెక్క అంత కష్టమైనదేమీ కాదు. పొద్దునే వేసి ఉండవలసింది.

మేకను పశువైద్యశాలకు తీసుకువెళ్ళాం. చూలుమేక. బతకలేదు. పిల్లవాడి అవ్వ మా ఇంటికి వచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. నేనిచ్చిన డబ్బు లెక్కపెట్టుకొని కొంగున ముడి వేసుకుంది. వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగి, "సామీ, ఆ మిషను మళ్ళా తిప్పుతారా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. "తిప్పేదుంటే ముందునాడు ఒక మాట చెప్పండి. మావోన్ని ఆ పక్కకి పంపను" అంది. అంతే. తన మనవడు నా చేని దగ్గరకు రాకుండా చూసుకునే బాధ్యత కూడా ఆమె తన మీదనే వేసుకుంది. నేను పొద్దున చేయవలసిన పని అది.

శిష్యుడు రెండు రోజుల తరువాత వచ్చాడు. "గొలుసులు ఏపియ్యకుండా రావడం నా తప్పు సార్. మీ మాటకు ఊఁ కొట్టడం ఇంకో తప్పు" అన్నాడు. తక్కిన తప్పు ఎవరిదో అతను చెప్పలేదు. గొలుసులు కొత్తవి వేయించాడు. రాయి తగిలిన కత్తి వంగింది. రెండవది బాగానే ఉన్నా రెండూ మార్చాడు. ఒకటే మారిస్తే బరువులో తేడా వచ్చి పరికరమంతా అదురుతుందట. ఇరుసులో తెగిపోయిన బోల్టును చూపించాడు. "ఇంత మెత్తని బోల్టు ఎందుకు? గట్టిది వేయరాదా?" అన్నాను. నవ్వాడు. "అది తెగాల్నని ఏసేదే సార్. అది తెగకపోతే గేర్‌పెట్టె పగులుతుంది. గట్టి బోల్టు ఏసినోడు పెట్టె కొనుక్కోవల్సిందే." తెగిపోవడమే ధర్మంగా గల వస్తువు ఒకటి ఉంటుందని ముప్పైనాలుగేళ్ళ నా చదువులో ఎక్కడా తారసపడలేదు.

తరువాత మూడు రోజులు పొద్దున్నే చేను నడిచాం. మిట్టమధ్యాహ్నం చూస్తే నేలంతా ఒకటిగా కనబడుతుంది. సూర్యుడు పొడిచే వేళ ఏటవాలు వెలుతురులో ప్రతి రాయికీ నీడ ఉంటుంది. గడ్డిలో ఉన్నవాటిని కర్రతో తడిమి చూశాం. చేతికి వచ్చినవాటిని గంపకెత్తి నాన్నగారి గట్టుకే చేర్చాం. కదలనివాటి పక్కన వెదురుబద్ద పాతి, నా భార్య పాతచీర చింపి ఇచ్చిన ఎర్రగుడ్డ కట్టాం. నాకు తెలిసినవి మూడు గుండ్లు. మూడవ రోజుకు మేము పాతిన గుడ్డలు నలభై ఒకటి.

లెక్క పూర్తయిన రోజు నేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. నాకు తెలిసిన చేను నా జ్ఞాపకంలోని చేను. నా కళ్ళ ముందున్నది వేరు. వాన ఏటా దాన్ని కొద్దికొద్దిగా మార్చి పెడుతుంటే నేను పాత పుస్తకం కంఠస్థం చేసినవాడిలా అదే అప్పజెబుతూ వచ్చాను. నాన్నగారు అలా కాదు. మడక కట్టే ముందు ప్రతి ఏడూ చేను నడిచేవారు. మునిగి ఉన్న రాయిని 'దొంగరాయి' అనేవారు. దాని పక్కన కంపకొమ్మ గుచ్చేవారు. అయినా ఒకటీ అరా తప్పిపోతే కర్రు తగిలిన మరుక్షణం ఎద్దులు నిలబడిపోయేవి. ఎద్దుకు తెలుస్తుంది. ట్రాక్టరుకు తెలియదు. ఎద్దుకున్న ఆ తెలివిని కూడా ఇప్పుడు మనిషే మోసుకొని ముందు నడవాలి.

రెండవసారి తోలినప్పటి సంగతులు క్లుప్తంగా చెబుతాను. రాళ్ళనేలలో స్లాషరు తోలించుకోదలచిన మిత్రులకు పనికివస్తాయి. బొటనవేలి కంటె లావైన కంపను ముందే గొడ్డలితో నేలబారుగా కొట్టించాం. వాడిగా మిగిలిన మోడు ట్రాక్టరు చక్రాన్ని చీలుస్తుంది. కోత ఎత్తును జానెడు పైకి పెట్టించాం. నున్నగా ఉండాలన్న ఆశ రాళ్ళచేనులో పనికిరాదు. ఇరుసు పూర్తి వేగంతో తిరిగింది గానీ ట్రాక్టరు మాత్రం నడకవేగంతోనే పోయింది. ఎర్రగుడ్డ ఉన్నచోట చుట్టూ రెండు బారలు వదిలివేసి, ఆ గడ్డిని కొడవళ్ళతో కోయించాం. పలుగురాయి రవ్వలకు ఎండుగడ్డి అంటుకోవచ్చు గనుక నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉంచాం. వంద గజాల లోపు మనిషిని గానీ పశువును గానీ ఉండనివ్వలేదు. ఇంజను నుండి శక్తి ఆపినా కత్తులు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా నిలిచేదాకా శిష్యుడు నన్ను గట్టు దిగనివ్వలేదు. "ఆడే ఉండండి సార్" అని కేకవేశాడు. ఒకప్పుడు బెంచీ మీద నిలబెట్టిన నన్ను అతను గట్టు మీద నిలబెట్టాడు. నిలబడ్డాను.

ఏరిన రాళ్ళన్నీ గట్టుకు చేర్చలేదు. చిన్నవాటిని చేనిలోనే ఉండనిమ్మని శిష్యుడు చెప్పాడు. అది నిజమే. చిన్నరాళ్ళు కప్పిన నేలలో తేమ తొందరగా ఆవిరైపోదు. వానచినుకు నేరుగా మట్టిని కొట్టకుండా అవి కాస్త కాపాడతాయి కూడా. రాయి పగవాడూ కాదు, చుట్టమూ కాదు. ఏది ఎక్కడుందో తెలిసి ఉండడమే సేద్యగాడి పని.

అహల్య కథలో రాయికి విముక్తి పాదం వల్లనే గదా అని నాకు తరువాత తోచింది. తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ! నేను మాత్రం నా చేనిలో పాదం మోపకుండానే చక్రాలను పంపాను.

సీతాఫలం మొక్కలు బతికాయి. కంప కూడా బతికింది, అది చావదు. ఏటా వానలకు ముందు స్లాషరు వస్తుంది. దానికి ముందు మూడు పొద్దులు నేను నడుస్తాను. ప్రతి ఏడూ ఒకటో రెండో కొత్త దొంగరాళ్ళు బయటపడుతూనే ఉన్నాయి. తోలకానికి ముందునాటి సాయంత్రం ఆ అవ్వ ఇంటికి వెళ్ళి చెప్పి వస్తాను. "సరే సామీ" అంటుంది. అంతకు మించి మాటలుండవు.

ఎర్రగుడ్డలను ఉతికి, మడిచి, పద్యకావ్యాలున్న బీరువా కింది అరలోనే పెట్టుకున్నాను. నా భార్యకు ఇది వింతగా ఉంది.

చివరగా ఒక మాట. మా చేను సంగతి ఇంత చెప్పినవాణ్ణి, నా పాత వృత్తిని పూర్తిగా వదులుకోలేను. 'రాయి' ప్రాచీన రూపంలో 'ఱాయి', శకటరేఫం గలది. పిల్లలు దాన్ని 'బండి ఱ' అనేవారు. బండరాళ్ళు గనుక బండి ఱ అని మా శిష్యుడు అప్పట్లో పరీక్షలో రాస్తే సున్నా వేశాను. ఇప్పుడైతే ఒక మార్కు వేసేవాణ్ణి.

నేలలో మునిగి, నాగలికి గానీ కత్తికి గానీ తగిలేదాకా కనబడని రాయిని మా నాన్నగారు దొంగరాయి అన్నారు. మీ మీ ప్రాంతాలలో ఏమంటారో తెలిసినవారు తెలియజేయగలరు. రాసిపెట్టుకుంటాను.